గుండెకు పట్టిన మైల

తిరుపతి,
24 మార్చి 2025

మామకు, స్రవంతి నమస్కారాలు.

ఫోన్ ఉండగా ఉత్తరం ఎందుకని అడుగుతావు. ఇది మా కృపామణి మేడం ఇచ్చిన పని. మా విభాగంలో ఒక కొత్త గుండె పరీక్ష మీద పరిశోధన జరుగుతోంది. రోగులకు దాన్ని వివరించే కాగితం తెలుగులో రాసే అవకాశం రెండో సంవత్సరం వాళ్ళలో నాకు వచ్చింది. రాసినదాన్ని వైద్యం తెలియని ఒకరికి పంపి, అర్థమైందని వాళ్ళ చేతిరాతతో జవాబు తెప్పించుకోవాలి. నాకు తెలిసినవాళ్ళలో గుండెపోటు వచ్చి, చేతిరాత కూడా బాగున్నవాడివి నువ్వు ఒక్కడివే.

ఇక కాగితం.

మార్చి మూడున నీ గుండెకు నెత్తురు తీసుకుపోయే ఒక నాళం మూసుకుపోయింది. డాక్టర్లు దాన్ని తెరిచి స్టెంట్ పెట్టారు. ఆలోపు నెత్తురు అందని కండలో కణాలు మూడు రకాలుగా మిగిలాయి. కండ గోడ అనుకుంటే కణం ఇటుక. కొన్ని కణాలు అప్పుడే చనిపోయాయి. కొన్ని మూర్ఛపోయాయి. అవి కొన్ని వారాల్లో లేస్తాయి. ఇంకొన్ని అంచున ఉండిపోయాయి. అవి ఆ రోజు చావలేదు గానీ, తర్వాతి రోజుల్లో, వారాల్లో ఒక్కొక్కటిగా చప్పుడు చేయకుండా చనిపోవచ్చు.

చావబోయే కణం ఒక పని చేస్తుంది. తన పొరలో లోపలివైపు ఉండాల్సిన ఒక పదార్థాన్ని బయటికి తిప్పుకుంటుంది, చొక్కాను తిరగేసి తొడుక్కున్నట్టు. ఆ తిరగేసిన వైపుకు అతుక్కునే మందును చేతి నరంలోకి ఎక్కిస్తారు. అందులో కొద్దిగా రేడియోధార్మికత ఉంటుంది, రెండు రోజుల్లో దాదాపు పోతుంది. కెమెరా బయట నుంచే ఛాతీ చుట్టూ తిరిగి, మందు ఎక్కడ చేరిందో పటం తీస్తుంది. కోత లేదు, గుండెలోకి గొట్టం లేదు. గుండెను ముట్టుకోకుండానే అందులో ఇంకా ఎవరు చనిపోతున్నారో చూడవచ్చు.

‘ఎవరు’ అన్న మాట కింద మేడం ఎర్ర ఇంకుతో గీత గీశారు. నాకు మాత్రం బాగుందనిపించి నీ ప్రతిలో ఉంచాను.

ఇంకొక సంగతి. డిశ్చార్జి రోజున డాక్టరు చెప్పింది నువ్వు విన్నావో లేదో అని అనుమానం. ఇరవై మూడేళ్ళుగా భారతం ఉత్సవాల్లో అర్జునుడి వేషం కట్టి, మెట్లు కొట్టిన అరవై అడుగుల తపస్సు మాను ఎక్కుతున్నావు. ఈ ఏడు ఎక్కకూడదు. వచ్చే ఏటి సంగతి వచ్చే ఏడు చూద్దామన్నారు.

పది వరుసలు చాలు, జవాబు రాయి. అత్తకు నమస్కారాలు.

నీ మేనకోడలు,
స్రవంతి


గుండ్లమిట్ట,
29 మార్చి 2025

చిరంజీవి స్రవంతికి మామ మునస్వామి దీవెనలు. మేము క్షేమం. నా గుండె సంగతి మాత్రం కింద రాస్తున్నాను.

నీ కాగితం అర్థమైంది. ఈ వాక్యం మీ మేడానికి చూపించు.

నా ఒక్కడికి అర్థమైతే చాలదని, నలుగురికి అర్థమైతే నీకు మార్కులు ఎక్కువ పడతాయని, ద్రౌపదమ్మ గుడిలో భారతం ఉత్సవాల మీటింగులో దాన్ని పైకి చదివాను. అది నా తప్పు. అంతా విని ధర్మకర్త ఢిల్లీబాబు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఆయన అట్లా తుడిస్తే ఎవరికో ఒకరికి పని పడుతుంది.

“మునస్వామీ, ఆ సచ్చిపోయిన కాడ మళ్ళా సదువు” అన్నాడు.

చదివాను.

“అంటే నీలో సావు జరిగినాది.”

“కణాలప్పా. ఇటుకల మాదిరి.”

“ఇటుకలు సావవు గదా. సచ్చినాయని నీ మేనకోడలే రాసింది. దాయాది పాలోడు సచ్చిపోతే పదకొండు దినాలు మైల పడతామే, గుండెకాయ కన్నా దగ్గిర పాలోడు యాడుండాడప్పా నీకు?”

మీటింగులో ఎవరూ నవ్వలేదు.

“సరే, మార్చి మూడు నుంచి లెక్కేసుకో. ఎప్పుడో తీరిపోయినాది” అన్నాను.

“ఇంకా ఒకరెనక ఒకరు సస్తానే ఉంటారని రాసింది గదా. ఆఖర్న సచ్చినోడి నుంచి లెక్క. ఆఖర్న సచ్చినోడు ఎవురు, ఎప్పుడు సచ్చినాడు?”

మైల ఉన్నవాడికి కంకణం కట్టరు. కంకణం లేనివాడు మాను ముట్టుకోకూడదు. ఏప్రిల్ ఇరవై ఐదున కంకణాలు, మే ఆరున అర్జున తపస్సు. అంతలో నా మైల తేలకపోతే మోహన్‌కృష్ణను ఎక్కిస్తారట. కరెంటాఫీసులో లైన్‌మన్‌గా చేస్తాడే, ఆ పిల్లోడు. స్తంభాలు ఎక్కడం వచ్చు కాబట్టి మాను ఎక్కడమూ వస్తుందని వాళ్ళ లెక్క. స్తంభం మీద పద్యాలు పాడనక్కరలేదన్న సంగతి మరిచిపోయారు.

మీ అత్త నిన్నటి నుంచి దేవుడి దగ్గర దీపం పెట్టడం లేదు. ఎందుకైనా మంచిదని అంటుంది.

కాబట్టి రెండు విషయాలు రాసి పంపు. ఆఖరి చావు ఎప్పుడు? చనిపోయినవాటి శవాలు ఎక్కడున్నాయి? ఫోన్‌లో చెబితే చెల్లదట. గుడి పుస్తకంలో అతికించడానికి కాగితం కావాలట.

మాను ఎక్కొద్దన్న పేరా చదివాను. దాన్ని మీటింగులో చదవలేదు.

ఇట్లు,
మామ


తిరుపతి,
3 ఏప్రిల్ 2025

మామా,

నీ ఉత్తరం మేడానికి చూపించాను. ‘అర్థమైంది’ అన్న మొదటి వాక్యం చదివి సంతోషించారు. తర్వాతిది చదివి చాలాసేపు కిటికీలోంచి చూశారు. నాకు మార్కులు ఇంకా వేయలేదు.

ఢిల్లీబాబు పెద్దనాయనకు ఈ సంగతి చెప్పు. కణాలు చనిపోవడం నీకు మాత్రమే జరిగింది కాదు. ప్రతి మనిషి ఒంట్లో రోజూ కోట్ల కొద్దీ కణాలు చనిపోతాయి. చర్మంలో, పేగుల్లో, నెత్తురులో. ఈ ఉత్తరం వింటున్నవాళ్ళలో కూడా చనిపోతున్నాయి. వాటి చోట కొత్తవి పుడతాయి. గుండెలో మాత్రం పుట్టవనే చెప్పాలి. చనిపోయిన చోట మచ్చ మిగులుతుంది.

శవం అనే మాట వాడకండి. చనిపోయిన కణాన్ని శరీరమే శుభ్రం చేసుకుంటుంది. చుట్టుపక్కల కణాలే మింగేస్తాయి. ఇంత చక్కటి ఏర్పాటు చదివినప్పుడు నాకు ఆ పూట అన్నం తినాలనిపించలేదు, మంచి అర్థంలోనే.

ఆఖరి చావు ఎప్పుడో ఎవరికీ తెలియదు. తెలుసుకోవాలనే ఈ పరిశోధన. గుండెపోటు వచ్చి రెండు నెలలు దాటనివాళ్ళను తీసుకుంటున్నారు. నువ్వు సరిపోతావు కానీ నేను రమ్మని అడగకూడదు. బంధువులను ఒత్తిడి చేయకూడదని నియమం.

నాకు ఒకటి తోచింది, కోప్పడకు. మైల అన్నది శాస్త్రం కాదు. అయినా డాక్టరు మాట, గుడి మాట రెండూ నిన్ను నేల మీదే ఉండమంటున్నాయి. కారణాలు వేరైతే ఏం? ఉండరాదా మామా.

స్రవంతి


గుండ్లమిట్ట,
9 ఏప్రిల్ 2025

చిరంజీవి స్రవంతికి,

కోప్పడవద్దన్నావు కాబట్టి ఆ పని రెండు రోజులు ఆపి, ఇప్పుడు రాస్తున్నాను.

ఉత్తరం మీటింగులో చదివాను. వింటున్నవాళ్ళలో కూడా చావులు జరుగుతున్నాయన్న చోట ఢిల్లీబాబు లేచి గుడి బయటికి పోయి నిలబడ్డాడు. ఆయన వెనక పూజారి పోయాడు. పూజారి వెనక అందరూ పోయారు. లోపల ద్రౌపదమ్మ ఒక్కతే మిగిలింది. ఆ సాయంత్రం హారతి లేదు.

మరునాడు బయటే కూర్చుని తీర్పు చెప్పారు.

“రాలిపోయిన ఎంటికకు మనం మైల పట్టినామా? తీసేసిన గోరుకు పట్టినామా? మళ్ళా పుట్టేదానికి మైల లేదు. పుట్టనిదానికి ఉండాది” అని ఢిల్లీబాబు.

అందరికీ ఊపిరి వచ్చింది. నాకు తప్ప. గుండెలో మళ్ళీ పుట్టవని రాసింది నువ్వే కదా. చుట్టుపక్కలవి మింగేస్తాయన్న వాక్యం దగ్గర ఇద్దరు లేచిపోయారు, వాళ్ళు తీర్పుకు కూడా రాలేదు.

అందువల్ల ఏప్రిల్ పదహారున పరీక్షకు వస్తున్నాను. నువ్వు అడగలేదని, నేనే వచ్చానని ఎవరికైనా చెబుతాను. మీకు ఒక మనిషి దొరికినట్టు, నాకు ఒక కాగితం దొరికినట్టు.

నేల మీద ఉండరాదా అన్నావు. ఉండవచ్చు. ఊళ్ళో ఎనిమిది మంది పిల్లలకు అర్జున్ అని పేరు. తపస్సు రోజున మాను మీద నుంచి నేను విసిరిన నిమ్మకాయను సంతానం కోరి కొంగులో పట్టుకున్న తల్లుల పిల్లలు వాళ్ళు. మీ అత్త కూడా మొదట్లో ఆరేడేళ్ళు కొంగు పట్టుకుని కింద కూర్చుంది. నేను ఆమె వైపే విసిరేవాణ్ణి, గాలికి ఎటో పోయేది. సంవత్సరంలో మిగతా రోజులు నేను మామిడి కాయలు ట్రాక్టరుకు ఎత్తించే మునస్వామిని. ఆ ఒక్క రోజు కాదు. అది కూడా మైల అని తీసేస్తే ఒప్పుకోను.

మోహన్‌కృష్ణ నడుముకు బెల్టు కట్టుకుని గుడి ముందు కరెంటు స్తంభం నాలుగు నిమిషాల్లో ఎక్కి చూపించాడు. బెల్టు కట్టుకున్న అర్జునుణ్ణి నేను ఏ పర్వంలోనూ వినలేదు.

ఇట్లు,
మామ

(అదే కవరులో, నాలుగు మడతలు పెట్టిన చీటీ)

స్రవంతీ, మీ మామకు తెలీకుండా పెడతా ఉండా. ఆ పరీచ్చలో ఏమొచ్చినా సరే, ఇంకా సస్తానే ఉండాయని రాయి. మే నెల దాటేదాకా సస్తానే ఉండనీ. కాగితం మీద సస్తే మనకేం పోతాది మ్మా. ఆయప్ప మాను మీద నుంచి పడితే నాకు ఎవురుండారు. ఇది సించేయి. – యశోద అత్త


తిరుపతి,
19 ఏప్రిల్ 2025

మామా,

నువ్వు బస్సు దిగి క్షేమంగా చేరావని అత్త ఫోన్‌లో చెప్పింది. ఇంకేదో అడగబోయి ఆగిపోయింది.

పరీక్షలో ఎందుకు చేరుతున్నారని మేడం అడిగితే “మైల తీరినాదా లేదా సూసుకునేదానికి” అన్నావు. ఫారంలో ఆ గడిలో ఏం రాయాలో మేడానికి తెలియలేదు. చివరికి ‘వ్యక్తిగత కారణాలు’ అని రాశారు. కెమెరా కింద కదలకుండా పడుకున్నందుకు నిన్ను మెచ్చుకున్నారు. మాను మీద కూర్చునే అలవాటు అని చెప్పాను.

ఫలితం తెలియజేయమని నువ్వు సంతకం చేశావు కాబట్టి కాగితం జతచేస్తున్నాను. కింద మేడం సంతకం ఉంది. ‘పరీక్ష జరిగిన రోజున గుండె కండరంలో గుర్తించదగిన కణమరణం కనిపించలేదు.’ వాక్యం నేను రాసిందే. ఒక్క అక్షరం కూడా దిద్దలేదు.

ఈ వాక్యానికి ముందు ఇంకొకటి రాశాను. అది దీనికి నేరుగా వ్యతిరేకం. ఒక సాయంత్రమంతా నా దగ్గరే ఉంచుకున్నాను. వాక్యంగా బాగానే ఉంది. తర్వాత చించేశాను.

ఆ కాగితంలో లేనివి కొన్ని రాస్తున్నాను, వీటిని కూడా మీటింగులో చదువు. ఈ పరీక్ష ఇంకా పరిశోధనలోనే ఉంది. చావులు కనిపించలేదంటే గుండె బాగైందని కాదు. నీ గుండె కొట్టుకున్న ప్రతిసారీ తనలో నిండిన నెత్తురులో వందకు ముప్పై ఆరు పాళ్ళే బయటికి నెడుతోంది. యాభైకి పైన ఉండాలి. మూర్ఛపోయిన భాగం ఇంకా లేవలేదు. ఆరు నిమిషాల నడకలో రెండుసార్లు ఆగావు. రెండోసారి గోడ మీద క్యాలెండరు చూస్తున్నానన్నావు. అది పోయిన ఏడాదిది.

డాక్టరు మళ్ళీ చెప్పారు: మాను ఎక్కకూడదు.

అత్తకు ఒక మాట చెప్పు. ఆమె అడిగిన రంగు చీర తీసుకోలేకపోయాను. చేతి దాకా వచ్చింది, అయినా తీసుకోలేకపోయాను.

స్రవంతి


గుండ్లమిట్ట,
27 ఏప్రిల్ 2025

చిరంజీవి స్రవంతికి మామ దీవెనలు.

కాగితం అందింది. ఢిల్లీబాబు మూడుసార్లు చదివి, వెలుతురుకు ఎత్తి చూసి, గుడి పుస్తకంలో అతికించాడు. పదహారో తేదీకి చావులు లేవు, పదిహేనున ఉన్నాయనుకున్నా ఇరవై ఐదుకు పదకొండు రోజులు సరిపోయాయని తేల్చాడు. ఆ లెక్క నేను చేయలేదు. నిన్నగాక మొన్న నాకు కంకణం కట్టారు.

కాగితంలో లేనివి మీటింగులో చదవమన్నావు. వాళ్ళు అడిగింది మైల గురించే కాబట్టి చదవలేదు.

మోహన్‌కృష్ణ ఏమీ అనుకోలేదు. మాను కింద నిచ్చెన పట్టుకుంటానని వాడూ కంకణం కట్టించుకున్నాడు.

మీ అత్తకు చీర సంగతి చెప్పాను. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. చీర కోసం మనిషి ఇంత ఏడుస్తుందని ఇన్నేళ్ళ కాపురంలో తెలియదు. చిత్తూరు పోయి ఆకుపచ్చది ఒకటి తెచ్చాను. దాన్ని చూసి ఇంకా ఏడ్చింది. అసలు ఏ రంగు అడిగిందో రాయి.

మే ఆరో తేదీ మధ్యాహ్నం నాలుగుకు తపస్సు. నీకు పరీక్షలని తెలుసు, రావద్దు.

ఇట్లు,
మామ


తిరుపతి,
1 మే 2025

మామా,

చీరను వదిలెయ్. అత్తను ఇంకేమీ అడగకు.

నాకు మాటలంటే ఇష్టమని నీకు తెలుసు. ఒక సంగతికి సరిగ్గా సరిపోయే మాట దొరికితే ఆ రోజంతా బాగుంటుంది. ‘కనిపించలేదు’ అన్నది అలాంటి మాటే. అది నిజం. ఆ నిజమే నిన్ను మాను కింది దాకా తీసుకుపోయింది. ఇంకొక వాక్యం రాసి ఉంటే నువ్వు ఇంట్లో కూర్చుని నన్ను తిట్టుకునేవాడివి. తిట్టించుకోవడం నాకు అంత కష్టం కాదు.

అయినా రాయలేకపోయాను. రేపు ఇంకెవరి గుండె గురించైనా నేను రాసే కాగితాన్ని వాళ్ళు నమ్మాలి. నువ్వు కూడా.

కాబట్టి అబద్ధంతో ఆపలేను. నియమాలతో ఆపలేను. ఎక్కొద్దని అడుగుతున్నాను. వైద్యం చదువుతున్నందుకు కాదు, నీ మేనకోడలిగా అడుగుతున్నాను. ఎక్కినా సరే, ఉత్తరం రాయి.

స్రవంతి


గుండ్లమిట్ట,
8 మే 2025

చిరంజీవి స్రవంతికి,

ఉత్తరం రాస్తున్నాను కాబట్టి మొదటి భయం తీరి ఉంటుంది. పరీక్ష బాగా రాశావా?

ఆరో తేదీన రంగు వేసుకుని, కిరీటం పెట్టుకుని, విల్లు భుజానికి తగిలించుకుని మాను కిందికి వచ్చాను. జనం పోయిన ఏటి కన్నా ఎక్కువ. నా గుండె సంగతి పది ఊళ్ళకు పాకిందట. ఢిల్లీబాబు మైకు తీసుకుని నీ కాగితం చదివాడు. “అర్జునుడి గుండె కండరంలో గుర్తించదగిన కణమరణం కనిపించలేదు” అన్నాడు. జనం గోవిందా అన్నారు. నీ వాక్యానికి అంతమంది గోవింద కొట్టారని మీ మేడానికి చెప్పు. మార్కులు వేస్తుందేమో.

మెట్టుకు ఒక పద్యం. మొదటి మూడు మెట్లు బాగానే నడిచాయి. నాలుగో మెట్టు మీద పద్యం సగంలో ఊపిరి అందలేదు. హార్మోనియం అతను రాగం సాగదీశాడు. జనం అది నా పనితనం అనుకుని చప్పట్లు కొట్టారు. నేను పైకి చూశాను. ఇంకా ముప్పై ఎనిమిది మెట్లున్నాయి.

మైల అని ఆపి ఉంటే, అమ్మవారి మీద ఒట్టు, ఎక్కి తీరేవాణ్ణి. రాత్రికి రాత్రి పోయైనా ఎక్కేవాణ్ణి. వాళ్ళు ఆపలేదు. నువ్వు కూడా కాగితంతో ఆపలేదు. ఎక్కమని దారి ఇచ్చారు. ఎవరి మీద కోపంతో ఎక్కాలో నాకు తోచలేదు. మిగిలింది నేను, మాను, నీ ముప్పై ఆరు పాళ్ళు.

నాలుగు మెట్లూ దిగి వచ్చి కిరీటం తీసి మోహన్‌కృష్ణ నెత్తిన పెట్టాను. వాడు తెల్లబోయాడు.

“అన్నా, నాకు పద్యాలు రావు.”

“నువ్వు ఎక్కు. కింద నుంచి నేను పాడతా.”

“బెల్టు?”

“పంచె కింద కట్టుకో. కనపడదు.”

ఢిల్లీబాబు కళ్ళజోడు తీశాడు గానీ, తుడవకుండానే మళ్ళీ పెట్టుకున్నాడు.

మీ అత్త పక్కన నేల మీద కూర్చుని మిగతా పద్యాలన్నీ పాడాను. కూర్చుంటే ఊపిరి సరిపోయింది. స్రవంతీ, ఇరవై మూడేళ్ళలో నేను అర్జున తపస్సు చూడలేదు. మెడ నొప్పి పుడుతుందని తెలియదు. పైవాడు అంత చిన్నగా కనిపిస్తాడని తెలియదు. ఇరవయ్యో మెట్టు దాటాక వాడి కాళ్ళు గడగడ వణకడం మొదలైంది. బెల్టు ఉన్నా వణుకుతున్నాయి. కింద కూర్చున్నవాళ్ళందరికీ స్పష్టంగా కనిపిస్తోంది. మీ అత్త రెండు చేతులూ ఎత్తి పట్టుకుని ఉంది. కొంగు పట్టినట్టు కాదు, పడేవాణ్ణి పట్టుకునేట్టు. వాడు మనవాడు కూడా కాదు.

పద్యానికీ పద్యానికీ మధ్య అడిగాను.

“నా కాళ్ళు గూడా ఇట్నే వణికేవా?”

“ప్రతి ఏడూ” అంది, పైనుంచి చూపు తిప్పకుండా.

“మరి ఒక్కసారన్నా సెప్పలేదే?”

“యాడ సెప్పేది? నువ్వు పైన ఉండావు గదా.”

ఇట్లు,
నీ మామ,
మునస్వామి